మేకల మధ్య మబ్బు

తణుకు,
18 జనవరి 2011

కృపకు నీ వదిన రాస్తున్నది.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకు అనుకుంటావేమో. నా చెవులు మరీ మొండికేశాయి. మిషను పెట్టుకున్నా ఫోనులో గోల తప్ప మాట తెలియడం లేదు. నా తరఫున మాట్లాడమని మీ అన్నయ్యగారికిస్తే, నేను పది మాటలు చెప్పమంటే రెండు చెప్పి పెట్టేస్తారు. హఫీజ్‌పేట స్టేషను వెనక మనం పక్కపక్క వాటాల్లో ఉన్నన్నాళ్ళూ గోడ మీంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది.

ఇప్పుడొక సాయం కావాలి. మా రోహిత్ నిరుడు ఆఫీసు స్నేహితులతో హిమాచల్ కొండలెక్కడానికి వెళ్ళి, అక్కడొక గొర్రెలకాపరి దగ్గర కుక్కపిల్లను తెచ్చాడు. అప్పుడు దూది ఉండలా ఉండేదట. కోడలు రసజ్ఞ దానికి మబ్బు అని పేరు పెట్టింది. ఇప్పుడది దూడంత అయింది. కొండాపూర్‌లో వాళ్ళది మూడో అంతస్తు. కింద లిఫ్టు దగ్గర ఎవరు తుమ్మినా పైనుంచి మొరుగుతుందట. సోఫా చింపేసింది. కుక్క ఉంటుందా మీరుంటారా తేల్చుకోమని అపార్టుమెంటు వాళ్ళు రెండుసార్లు చెప్పి వెళ్ళారు.

అది ఇళ్ళలో ఉండే జాతి కాదట కృపా. మందలో పుట్టి, మందతో తిరిగి, మంద మీదికి చిరుతపులి వచ్చినా ఎదురు నిలబడుతుందట. ఆ మాట వినగానే నాకు తెల్లాపూర్‌లో మీ మేకలు గుర్తొచ్చాయి. మీరు ఉంచుకుంటారా?

మీ వారు, ఇశ్రాయేలు అన్నయ్య, ఏమంటారో నాకు తెలియదు. మా వారూ ఆయనా కంచాల ముందు కూర్చుని రాష్ట్రం పంచుకోబోయి, పెరుగు వడ్డించకముందే లేచిపోయి ఏడాది దాటింది. మేం ఇల్లు ఖాళీ చేసి వస్తున్న రోజున కూడా ఆయన డ్యూటీ ఉందని డిపోకు వెళ్ళిపోయారు. బస్సు లేని రోజున ఆయనకు డ్యూటీ ఎక్కడిదో నాకు తెలుసు, నీకూ తెలుసు.

ఇంకొక్క మాట. కుక్కను దింపడానికి రసజ్ఞ కూడా వస్తుంది. ఆ పిల్లతో కాస్త నెమ్మదిగా మాట్లాడు. ఎందుకని అడగకు.

నీ వదిన,
పుణ్యవతి

*

తెల్లాపూర్,
20 ఫిబ్రవరి 2011

పుణ్యవతి వదినకు కృపమ్మ వందనాలు.

మీ కవరు అందిన వారానికే మబ్బు వచ్చాడు. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు రోహిత్ కారు ఉంది. వెనక సీటంతా కుక్కే. మా ఆయన బండి దిగి చాలాసేపు చూశారు.

“ఏంది గిది? కుక్కనా, ఎలుగ్గొడ్డా?” అన్నారు.

కుక్కేనని రోహిత్ చెప్పాడు. మేకలను కాస్తుందా, తింటుందా అని మా ఆయన అడిగితే, ఏదీ గట్టిగా చెప్పలేనన్నాడు పాపం. అబద్ధం చెప్పలేదని మా ఆయనకు అదే నచ్చింది. అదే లేకపోతే ఆ కారు అలాగే వెనక్కి తిరిగేది.

రసజ్ఞ అందరికంటే చివర దిగింది. దాని దుప్పటి, గిన్నె, రబ్బరు బంతి ఒక సంచిలో పెట్టుకొచ్చింది. నేను మీరు చెప్పినట్టే నెమ్మదిగా మాట్లాడాను. ఏమీ అడగలేదు. ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చా అని ఆమే అడిగింది. మా ఇంటికి రావడానికి అడగాలా అన్నాను.

మొదటి పది రోజులూ నరకమే వదినా. దానికి మేకలంటే ఆట. పిల్లలను తరమడం, చెవులు కొరకడం. ఒక పిల్లకు చెవి చినిగి నేను కుట్టు వేయాల్సి వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో అన్నేళ్ళు పనిచేసి రిటైరయింది మేక చెవులు కుట్టడానికా అని నవ్వుకున్నాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. పంపెయ్ అన్నారు. నేను కొట్టం పక్కనే చిన్న దడి కట్టించి, మేకలు దానికి కనపడేలా, అది వాటిని అందుకోలేకుండా ఉంచాను. కాస్త కుదురుకున్నాక మా ముసలి మేకను దాని దగ్గరికి వదిలాను. మబ్బు ఆడబోయాడు. ఆ మేక వాడి డొక్కలో ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ ఆడబోయాడు, మళ్ళీ పొడిచింది. నేను నేర్పలేని పాఠం ఆమె వారం రోజుల్లో నేర్పింది.

ఇప్పుడు మేకల మధ్యే పడుకుంటున్నాడు. పిల్లలు వాడి వీపు మీదికెక్కి దూకుతాయి. వాడు కళ్ళు మూసుకుని ఓర్చుకుంటాడు. నిన్న అన్నం తింటూ మా ఆయన, రేపటి నుంచి వాణ్ణి కూడా మందతో విడుస్తానన్నారు. నేను విననట్టే ఊరుకున్నాను. వింటే మాట మార్చేస్తారు.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ కృప

*

తణుకు,
14 మార్చి 2011

కృపమ్మకు,

నాలుగు రోజులుగా టీవీలో అదే చూపిస్తున్నారు. టాంక్‌బండ్ మీద విగ్రహాలు పడగొట్టడం, తాళ్ళు వేసి లాగడం, నీళ్ళలోకి తోయడం. మీ అన్నయ్యగారు ఆ రోజు రెండు పూటలా అన్నం ముట్టలేదు. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆదివారమైతే మమ్మల్ని అక్కడికే తీసుకెళ్ళేవారు. ఒక్కొక్క విగ్రహం ముందూ రోహిత్‌ను ఎత్తుకుని, ఎవరిదో పేరు చదివించేవారు. వాడికి అక్షరాలు వచ్చింది అక్కడే. వాళ్ళంతా తెలుగువాళ్ళు కాదా? మాకు మాత్రమే చుట్టాలా?

ఇశ్రాయేలు అన్నయ్య ఆ రోజు అక్కడున్నారా? అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

మా పిల్లలు అక్కడ ఉండొచ్చో లేదో కూడా ఎవరైనా చెబితే బాగుండును. రసజ్ఞ ఆఫీసు బస్సులో ఫోను మాట్లాడటానికి కూడా భయపడుతోందట, యాస బయటపడుతుందని.

కుక్క బాగున్నందుకు సంతోషం.

పుణ్యవతి

*

తెల్లాపూర్,
5 ఏప్రిల్ 2011

వదినా,

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మీరడిగింది ముందు చెబుతాను. ఆయన వెళ్ళారు. లక్డీకాపూల్ దగ్గర పోలీసులు ఆపేశారు. అక్కడే చాలాసేపు నిలబడి, బస్సుల్లేక సగం దారి నడిచి ఇంటికొచ్చారు. విగ్రహాల సంగతి మీరు చూసినట్టే టీవీలోనే చూశారు. టీవీ కట్టేసి పోయి మేకల కొట్టంలో కూర్చున్నారు. చాలాసేపు రాలేదు. ఆయన బాధపడ్డారని నేను రాయను, ఆయన ఆ మాట నాతో అనలేదు కనుక. బాధపడలేదనీ రాయను.

తెలంగాణ కావాలని ఆయనంటారు. నేనూ అంటాను. మీ ముందు దాచి ఏం లాభం? కాని తెలంగాణ కావాలన్నంత మాత్రాన మీరు వద్దని కాదు వదినా. రసజ్ఞ మాట్లాడితే మా ఇంట్లో ఎవరూ యాస వినరు. ఆమె నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడితే చాలని చూస్తాం.

మీరు కింద ఉత్త పుణ్యవతి అని సంతకం చేశారు. నేను కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను, వదిన అని ఎక్కడైనా ఉందేమోనని.

ఇక మీ కుక్క గురించి. ఎండలు మొదలయ్యాయి. కొండల్లో పుట్టినవాడికి మన ఎండ ఎలా తెలుస్తుంది? నాలుక వేలాడేసుకుని తొట్టి నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడుతున్నాడు. బొచ్చు కత్తిరిద్దామని నేనంటే మా ఆయన పడనివ్వలేదు. “బైబిల్ల సంసోను జుట్టు కత్తిరిస్తే బలమంత ఏమైందో ఎరుక లేదా నీకు?” అన్నారు. పశువుల డాక్టరును అడిగితే ఆయన కూడా కత్తిరించొద్దన్నాడు, ఆ బొచ్చే ఎండను ఆపుతుందట. ఇక మా ఆయనను పట్టలేం. ఆ రోజు నుంచి వాడి పేరు సంసోను. వేపచెట్టు కింద గుంట తవ్వి, తడి గోనెసంచులు పరిచి, డ్యూటీ దిగి రాగానే ముందు ఆ సంచులు తడిపి తర్వాతే చెప్పులు విడుస్తున్నారు. వాడు రెండు పేర్లకూ పలుకుతున్నాడు.

రసజ్ఞ ఒక్క ఆదివారమూ మానలేదు. మేకలకు సుబాబుల్ రెమ్మలు కోస్తుంది, నీళ్ళు పెడుతుంది. మొన్న ఆమె ఉండగానే ఒక మేక ఈనింది. తల్లికి కాన్పు కష్టమై పిల్లను పట్టించుకోలేదు. నేను తల్లి దగ్గర ఉండగా మబ్బు వచ్చి పిల్లను నాకి నాకి ఆరబెట్టాడు. దాని పక్కన పడుకుని, కాకి వాలినా లేచి తరిమాడు. రసజ్ఞ గడప మీద కూర్చుని అదంతా చూసింది. చూసి, వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. అడగొద్దన్నారు కనుక అడగలేదు.

మీ కృప

*

తణుకు,
10 జులై 2011

కృపా,

నీ వదినే రాస్తున్నది. మొదటి వరుసలోనే రాశాను, నువ్వు కాగితం తిప్పి వెతుక్కోనక్కర లేదు.

ఆ ఉత్తరం చదివి వెంటనే రాయకపోవడం నాదే తప్పు. కంటి ఆపరేషను అయింది, అదొక సాకు. మీ అన్నయ్యగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. లక్డీకాపూల్ దగ్గర నుంచి ఆయన నడిచి వచ్చిన మాట దగ్గర ఒకసారి ఆపమన్నారు. సాయంత్రం పేపరు చూస్తూ, ఎండాకాలం పోయింది కదా, ఆ కుక్క తట్టుకుందేమో కనుక్కో అన్నారు. ఏ కుక్క అని అడిగాను కావాలనే. ఇశ్రాయేలు కుక్క అన్నారు. కొన్నది మన వాడు, పేరు పెట్టింది మన కోడలు, ఈయనకు మాత్రం అది ఇశ్రాయేలు కుక్క.

మా ఊరి వాళ్ళ అబ్బాయి మియాపూర్ వస్తుంటే ఆవకాయ జాడీ పంపాను. సగం నీకు, సగం రసజ్ఞకు. ఆ పిల్ల అన్నం సరిగ్గా తింటోందా? ఆఫీసు సంగతులు, ఇంటి సంగతులు నీతో ఏమైనా చెబుతోందా? ఏమీ లేదులే, ఊరికే అడుగుతున్నాను.

మబ్బుకు వర్షం పడితే ఏం చేస్తాడో రాయి.

నీ వదిన

*

తెల్లాపూర్,
28 సెప్టెంబరు 2011

వదినా,

సకల జనుల సమ్మె మొదలయ్యాక ఇక్కడ ఏదీ కదలడం లేదు. బస్సులు డిపోల్లో ఉన్నాయి, మా ఆయన రోడ్డు మీద టెంటులో ఉన్నారు. మొన్న రెండు రోజులు రైళ్ళూ ఆగాయి. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో. బొగ్గు లేదని కరెంటు గంటలకొద్దీ తీసేస్తున్నారు.

రోహిత్ ఆఫీసు పని మీద చెన్నైలో ఉన్నాడు కనుక రసజ్ఞ మా ఇంట్లోనే ఉంటోంది. ఆమె గురించి ఫికర్ పడకండి. మేమంతా బాగున్నాం. మబ్బు కూడా.

ఆవకాయ చాలా బాగుంది. పని ఉంది, మళ్ళీ రాస్తాను.

మీ కృప

*

తణుకు,
8 అక్టోబరు 2011

కృపా,

నిన్న రోహిత్ వాళ్ళ నాన్నతో ఫోనులో చెప్పాడు. రసజ్ఞను కుక్క కరిచిందట. సూదులు వేయిస్తున్నారట. జరిగి రెండు వారాలు దాటిందట.

మేమంతా బాగున్నాం అని రాశావు. ఆ కాగితం నా ముందే ఉంది. నువ్వు నర్సువి. కుక్కకాటంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? ఒక్క ముక్క రాయడానికి నీ చెయ్యి ఎందుకు రాలేదు?

కరిచింది ఆ మబ్బేనా? అదే అయితే అది మీ దగ్గరికి చేరడానికి కారణం నేనే. దాన్ని పంపమన్నది నేను. ఆదివారాలు వెళ్ళమన్నది నేను. ఆ పిల్ల ఇప్పటికే పడిందేమిటో నీకు తెలియదు, నేను చెప్పలేదు, చెప్పడానికి వీల్లేదు. ఇంకేమీ పడకూడదు. అంతే నాకు కావలసింది.

మీ అన్నయ్యగారు రాత్రంతా వరండాలో తిరుగుతున్నారు. రైళ్ళు సరిగా నడవగానే మేం బయలుదేరి వస్తాం. ఈలోగా జరిగింది జరిగినట్టు రాయి. నన్ను ఊరడించడానికి ఒక్క అక్షరం కూడా కలపకు.

నీ వదిన

*

తెల్లాపూర్,
13 అక్టోబరు 2011

వదినా,

జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

కరిచింది మబ్బు కాదు. ముందు ఆ భయం తీసేయండి.

ఆ రోజు ఊళ్ళో రోడ్డు మీద వంటావార్పు. అందరూ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన చెప్పడం. నేను గిన్నెడు పులిహోర చేసి తీసుకెళ్ళాను. రసజ్ఞ ఆఫీసుకు సెలవిచ్చారు. ఇంటి దగ్గరే కంప్యూటరు పెట్టుకుని పని చేసుకుంటానంది. మేకలు వెనక చేలో ఉన్నాయి, మబ్బు వాటితో ఉన్నాడు. అంతా మామూలే.

మా చేను అవతల కొత్తగా అపార్టుమెంట్లు కడుతున్నారు. హోటళ్ళ చెత్త అక్కడే పోస్తారు. దాని మీద బతికే ఊరకుక్కలు పెద్ద గుంపయ్యాయి. సమ్మె వల్ల హోటళ్ళు మూతపడ్డాయి. చెత్త లేదు, తిండి లేదు. జేసీబీ తగిలి మా కంచె ఒకచోట ఒరిగిపోయి ఉంది, సమ్మె అయ్యాక బాగు చేద్దామనుకున్నాం. అవి అక్కడి నుంచే లోపలికొచ్చాయి, మధ్యాహ్నం పూట, గుంపుగా.

తర్వాతది రసజ్ఞ చెప్పింది. మబ్బు మొరుగు మారిందట. ఆమె తలుపు తీసి చూసేసరికి మేకలన్నీ బావి గోడ మూలకు చేరి ఉన్నాయి. మబ్బు వాటికీ కుక్కలకూ మధ్య నిలబడ్డాడు. పారిపోయిన కుక్కను తరమడం లేదట. అటు నుంచి వస్తే అటు, ఇటు నుంచి వస్తే ఇటు, మూల మాత్రం వదలడం లేదట. కాని అవి ఎక్కువ, వీడొక్కడు. ఒకటి వీడి భుజం పట్టుకుంటే ఇంకొకటి పక్క నుంచి పిల్లను లాగింది.

ఎనిమిదో అంతస్తు ఆఫీసులో కూర్చుని పనిచేసే పిల్ల కదా వదినా, బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే పిల్ల. కొమ్మలు కోసే దోటి పట్టుకుని ఆ గుంపులోకి నడిచింది. మేకపిల్లను నోట కరుచుకున్న కుక్కను దోటితో కొట్టి, పిల్ల కాళ్ళు పట్టుకుని తన వైపుకు గుంజుకుంది. అప్పుడే అది ఆమె ముంజేయి కరిచింది. మబ్బు భుజం మీద ఉన్నదాన్ని విదిలించుకొని వచ్చి ఆ కుక్కను మెడ పట్టి విసిరేశాడట. ఆ తర్వాత అవి నిలవలేదు.

మేము వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, మేకపిల్ల ఒళ్ళో. మబ్బు ఆమె ముందు నిలబడే ఉన్నాడు, ఒళ్ళంతా రక్తం. ఒక పిల్ల మాకు దక్కలేదు. ఒళ్ళో ఉన్నది మాత్రం బతికింది.

నేను కుళాయి కింద ఆమె చెయ్యి పెట్టి, సబ్బుతో కడిగి కడిగి, ఆమె చాలు ఆంటీ అన్నా వదలకుండా కడిగాను. మా ఆయన బండి తీశారు. మధ్యలో ఆమె, వెనక నేను. మియాపూర్ దారిలో రోడ్డు మూసేశారు. టైర్లు కాలుతున్నాయి. బండిని వెనక్కి తిప్పుకోమన్నారు. మా ఆయన దిగి, దవాఖానకు పోతున్నం, జర బాట ఇడువుండ్రి అన్నారు. ఒకతను రసజ్ఞను ఏమ్మా, ఏమైందని అడిగాడు. ఆమె కుక్క కరిచిందండీ అంది. ఆ అండీ విని అతను మా ఆయన వైపు చూశాడు.

“ఎవలు గీమె?” అన్నాడు.

“నా బిడ్డ,” అన్నారు మా ఆయన.

అతను ఇంకేమీ అడగలేదు. తానే ముందు నడుచుకుంటూ మండే టైర్లను పక్కకు తోయించి, అవతలి దాకా వచ్చి దారి చూపించాడు. కాటు చుట్టూ వేయాల్సిన మందు, మొదటి సూది ఆ రోజే పడ్డాయి. మిగతావి ఒక్కటీ తప్పకుండా వేయిస్తున్నాను. గాయం మానింది. నేనిది నర్సుగా రాస్తున్నాను, ఊరడించడానికి కాదు.

ఇంటికొచ్చాక మబ్బు. పశువుల ఆసుపత్రికి తాళం. డాక్టరు నల్గొండలో ఇంటి దగ్గర చిక్కుకుపోయాడు. ఆయన ఫోనులో చెబుతుంటే వెలుతురు పోకముందే వాకిట్లోనే కుట్లు వేశాను. మందతో విడిచేటప్పుడు మా ఆయన మెడకు కట్టిన ఇనుప పట్టీ ఉంది కనుక గొంతు దక్కింది, భుజమే చీలిపోయింది. రసజ్ఞ కట్టు కట్టిన చెయ్యి పక్కకు పెట్టి, రెండో చేత్తో వాడి తల ఒళ్ళో పట్టుకుంది. వాడు మూలుగుతుంటే వాడి చెవిలో మాట్లాడుతూనే ఉంది. ఆ మాటల్లోనే నాకు సంగతి తెలిసింది వదినా. నిరుడు ఐదో నెలలో బిడ్డ పోయిందనీ, ఆమె గదిలో నుంచి బయటికి రాకపోతే రోహిత్‌కు ఏం చేయాలో తోచక ఈ కుక్కపిల్లను తెచ్చి మంచం మీద పెట్టాడనీ. వాడికే చెప్పుకుంటోంది. నేను సూది ఆపకుండా విన్నాను.

మీకు రాయొద్దని ఆ రాత్రే నా చేత ఒట్టు వేయించుకుంది. అత్తయ్య తట్టుకోలేదు అంది. బిడ్డ సంగతి ఎవరికీ చెప్పొద్దని మీ చేతా అలాగే వేయించుకుందట. ఒక్క పిల్ల మన ఇద్దరి నోళ్ళూ కట్టేసింది.

మబ్బు ఇప్పుడు మందలో లేడు. కరిచిన కుక్కల్లో పిచ్చిది ఉందేమో తెలియదు. సూదులు ముందే వేయించి ఉన్నా, మళ్ళీ వేసి కొన్నాళ్ళు విడిగా కట్టేసి చూడమన్నాడు డాక్టరు. పక్క చేను పెంటయ్య వచ్చి, ఇంట్లో ఆడపిల్ల ఉంది, ఎందుకొచ్చిన పరేషాను, చంపేయండి అన్నాడు. “మందను కాసినోడు పెంటన్నా. జూద్దాం,” అన్నారు మా ఆయన. ఆ రోజు నుంచి అన్నం ఆయనే పెడుతున్నారు, ఇంకెవరినీ దగ్గరికి పోనివ్వడం లేదు. మేకలు సాయంత్రం వచ్చి దడికి ఆనుకుని పడుకుంటున్నాయి. ఇప్పటిదాకా వాడిలో ఏ తేడా లేదు. తింటున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాను.

చెన్నై సంగతి కూడా రసజ్ఞ చెప్పింది. అది పని మీద వెళ్ళడం కాదట కదా, ఇల్లు చూడటానికట. మీరు నాకు రాయలేదు. నేనేమీ అనను. మీ భయం నాకు తెలుసు. కాని వచ్చి ఒకసారి ఆ పిల్లతో మీరే మాట్లాడండి.

మీ కృప

*

తణుకు,
19 అక్టోబరు 2011

కృపా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత మీ అన్నయ్యగారికి ఇచ్చాను. ఆయనే చదువుకున్నారు. ఒకచోట అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎక్కడో నువ్వే ఊహించుకో.

చెన్నై బదిలీ అడగమని రోహిత్‌ను పోరు పెట్టింది మేమిద్దరమే. నీకు రాస్తే నువ్వు నొచ్చుకుంటావని రాయలేదు. పిల్ల ఏమనుకుంటోందో ఆమెను ఎవరమూ అడగలేదు.

రైలుకు టిక్కెట్లు దొరికాయి. నెలాఖరుకు వస్తున్నాం. ఆయనా వస్తానన్నారు. నేను రమ్మనలేదు.

మబ్బుకు నయమైందన్న మాట వింటేగాని నాకు నిద్ర పట్టదు.

నీ వదిన

*

తణుకు,
20 నవంబరు 2011

కృపా,

క్షేమంగా చేరాం, చేరి వారం దాటింది. నువ్వు కట్టిచ్చిన సకినాలు సగం రైల్లోనే అయిపోయాయి. మీ అన్నయ్యగారి పళ్ళకు అవి గట్టివని ఎవరన్నారో గాని, నాకు మిగల్చలేదు.

ఎదురుగా ఉన్న పది రోజులూ చెప్పలేనివి రెండు మూడున్నాయి. నాకు వినపడదని నువ్వు పెద్దగా మాట్లాడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. అందుకని రాస్తున్నాను.

మేం వచ్చిన పూట నువ్వు వంటింట్లో ఉన్నావు. గేటు దగ్గర జరిగింది నువ్వు చూడలేదు. ముందు రోజే మబ్బును విప్పి మందలోకి వదిలారట కదా. కొట్టం గేటు బయట మేం ఆటో దిగేసరికి వాడు లోపల, గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. మొరుగుడు నాకు వినపడలేదు గాని నా కాళ్ళ కింద నేల అదిరింది. రసజ్ఞ వచ్చి నన్ను పట్టుకుని లోపలికి తెచ్చేసింది. నన్ను వాసన చూసి వదిలేశాడు. మీ అన్నయ్యగారు మాత్రం బయటే సంచి పట్టుకుని నిలబడిపోయారు. ఆయన ఒక అడుగు వేస్తే వాడు ఒక అడుగు వేస్తున్నాడు.

అప్పుడు ఇశ్రాయేలు అన్నయ్య కొట్టంలో నుంచి వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండేళ్ళ తర్వాత. అన్నయ్య గేటు తీసుకుని బయటికెళ్ళి, మా వారి చెయ్యి పట్టుకున్నారు. ఆయన పెదాలు చూసి నాకు తెలిసిన మాట ఇది:

“రాండ్రి సార్. నేను పట్టుకుంటే ఏమనడు.”

అలాగే చేతిలో చెయ్యి వేసుకుని ఇద్దరూ మబ్బు పక్క నుంచి నడిచారు. వాడు ఆ రెండు చేతులూ వాసన చూశాడు. పోయి మేకల మధ్య పడుకున్నాడు. కుక్క వెళ్ళిపోయాక కూడా వాళ్ళు చెయ్యి వదల్లేదు కృపా. వేపచెట్టు దాకా అలాగే నడిచారు. చెట్టు కింద వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఈసారికి నా చెవులు వినకపోవడమే మంచిదైంది. నువ్వు మంచినీళ్ళు తెచ్చేసరికి ఇద్దరూ మేకల ధర గురించి మాట్లాడుకుంటున్నారు, ఎప్పుడూ ఏమీ జరగనట్టు.

రెండోది రసజ్ఞ సంగతి. బయలుదేరే ముందు రోజు నన్ను మబ్బు దగ్గరికి తీసుకెళ్ళింది. వాడి భుజం మీద బొచ్చు ఇంకా రాని చోట చెయ్యి వేసుకుని, నా ముఖానికి ఎదురుగా కూర్చుని, నాకు తెలిసేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. “అత్తయ్యా, బిడ్డ పోయాక నేను ఎక్కడా ఉండలేకపోయాను. ఇక్కడ ఉండగలుగుతున్నాను. నన్ను తీసుకెళ్ళకండి.” అంతే అంది. నేను సరేనన్నాను. రోహిత్‌తో నేనే మాట్లాడాను. చెన్నై మాట ఇక మా ఇంట్లో ఎత్తం. కొండాపూర్ ఇల్లు వదిలి మీ చేనుకు దగ్గరగా ఏదైనా కిరాయికి చూడమన్నాను. మూడో అంతస్తు వద్దన్నాను.

రేపు రాష్ట్రం ఒకటే ఉంటుందో, రెండవుతుందో నాకు తెలియదు. నాకు భయం పోయిందని రాస్తే అది అబద్ధం. పోలేదు. కాని ఆ పిల్ల పక్కన నువ్వున్నావు, రోడ్డు మీద అడిగితే నా బిడ్డ అనే మనిషి ఉన్నాడు. నేను ఇక్కడ ఉండి అంతకంటే ఏం చేయగలను?

రైల్లో మీ అన్నయ్యగారు కాజీపేట దాటినా, ఖమ్మం దాటినా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మధిర దాటి మన వైపు వచ్చాక, నా భుజం తట్టి తన వైపు తిప్పుకున్నారు.

“మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కుక్క నన్ను గుర్తుపడుతుందంటావా? లేక ఇశ్రాయేలు వచ్చి చెయ్యి పట్టుకోవాల్సిందేనా?” అన్నారు.

గుర్తుపట్టినా చెయ్యి పట్టుకునే వెళ్ళండి అన్నాను.

నీ వదిన,
పుణ్యవతి